ముందు క్లినిక్, ఆ తర్వాతే కెన్నెళ్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: తెనాలి దగ్గర ఎకరం పొలం ఉంది, చేతిలో పన్నెండు లక్షలు ఉన్నాయి. ఒక్క కుక్కను కూడా చంపని షెల్టర్, దాని పక్కనే తక్కువ ఖర్చులో వైద్యం చేసే క్లినిక్ పెట్టాలని ఉంది. అరవై కెన్నెళ్లతో, అంటే కుక్కల్ని ఉంచే గదులతో, మొదలుపెడితే సరిపోతుందా? అమ్మ మాత్రం వద్దంటోంది.

మీ అమ్మగారు ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. ఆవిడ సంగతికి చివర్లో వస్తాను. నేను కోస్తాలో ఒక షెల్టర్‌లో పదిహేడేళ్లుగా ఉన్నాను. కాంపౌండరుగా చేరాను. ఇప్పుడు మేనేజరు అంటున్నారు గానీ, పండక్కి కుర్రాళ్లు ఊరెళ్తే కెన్నెళ్లు కడిగేది నేనే. కాబట్టి డాక్టరు చెప్పే మాటలు కాకుండా చీపురు పట్టుకున్నవాడి మాటలు చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, కెన్నెళ్ల ప్లాను పక్కన పెట్టండి. ఆ డబ్బుతో ముందు క్లినిక్ తెరవండి. కనీసం ఏడాది నడిపాక, అప్పటికీ మీకు ఓపిక, మనుషులు, నెలనెలా వచ్చే డబ్బు ఉంటే పది కెన్నెళ్లు కట్టండి. అరవై మాత్రం వద్దు.

ఎందుకో చెప్తాను. "చంపని షెల్టర్" అనే మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడ చోటు లేక ఆరోగ్యంగా ఉన్న జంతువులకు కూడా ఇంజెక్షన్ ఇచ్చేసే షెల్టర్లు చాలా ఉండేవి. వాటికి ఎదురుగా పుట్టిన మాట అది. అక్కడ కూడా దాని అర్థం సున్నా కాదు. లోపలికొచ్చిన నూటిలో 90 ప్రాణాలతో బయటికెళ్తే నో-కిల్ అని లెక్క వేస్తారు. మన దేశంలో పరిస్థితి వేరు. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల తర్వాత, ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కను చోటు లేదని చంపడం కుదరదు. 2023 మార్చిలో వచ్చిన కొత్త నియమాలు కూడా అదే చెప్తాయి. మద్రాసులో కార్పొరేషన్ దశాబ్దాలపాటు కుక్కల్ని పట్టి చంపింది. 1996లో అది ఆపి బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అనే జంతు సంక్షేమ సంస్థవాళ్లతో కలిసి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల దారి పట్టింది. మన దగ్గర హైదరాబాద్ బ్లూ క్రాస్ 1992 నుంచి, విశాఖలో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ 1996 నుంచి ఈ పనిలో ఉన్నాయి. అంటే "మేం చంపం" అని బోర్డు పెట్టుకోవడంలో గొప్పేమీ లేదు, అది చట్టమే. కష్టమంతా చేర్చుకున్నవి చావకుండా చూడటంలో ఉంది. మందు పెట్టి చంపకపోయినా ఇరుకులో పెట్టి చంపొచ్చు. ఆ పని నేను చేశాను, అందుకే రాస్తున్నాను.

అప్పటికి నేను చేరి కొన్నేళ్లే అయింది. డిసెంబరు. పొద్దున్నే గేటు దగ్గర ఒక ఆపిల్ పళ్ల అట్టపెట్టె, అందులో ఐదు కుక్కపిల్లలు. కళ్లు తెరిచి నెలన్నర అయుంటుంది. ఒకటి కాస్త డల్‌గా ఉంది, చలికేమో అనుకున్నాను. కొత్తగా వచ్చినవాటిని విడిగా ఉంచే గది ఉంది గానీ, అందులో అప్పటికే కాలు విరిగిన కుక్క ఒకటి, దాని పక్కన బియ్యం బస్తాలు ఉన్నాయి. ఒక్క రాత్రికే కదా అని ఐదింటినీ పిల్లల గదిలో వేశాను. అక్కడ అప్పటికే పద్దెనిమిది ఉన్నాయి. మూడో రోజు పొద్దున తలుపు తీయగానే వాసన కొట్టింది. పార్వో అంటే కుక్కపిల్లల్ని రక్తవిరేచనాలతో చంపే వైరస్ జబ్బు. దాని వాసన ఒకసారి చూస్తే మర్చిపోరు, తుప్పు పట్టిన ఇనుము, కుళ్లిన మాంసం కలిసినట్టు ఉంటుంది. ఇరవై మూడింటిలో పదహారు పోయాయి, తొమ్మిది రోజుల్లో. సెలైన్ ఎక్కించడానికి అగ్గిపుల్లంత కాలు మీద నరం వెతుకుతూ రాత్రిళ్లు కూర్చున్నాం.

కథ అక్కడితో ఆగలేదు. గది మొత్తం ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగాను. గది ఘుమఘుమలాడింది. రెండు నెలల తర్వాత అదే గదిలో వేసిన నాలుగు పిల్లలకీ పార్వోనే. ఫినాయిల్‌కి పార్వో వైరస్ చావదని అప్పుడు మా డాక్టరుగారు చెప్పారు. నీడలో, తేమలో అది నెలల తరబడి, మట్టిలో అయితే ఏడాది వరకు కూడా బతుకుతుంది. దాన్ని చంపేది బ్లీచింగ్. ముందు సబ్బునీళ్లతో మలం, మురికి అంతా కడిగేయాలి. తర్వాత మామూలు ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి, అప్పుడు కడగాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే పని చేయదు. పిల్లులు ఉన్న గదిలో అయితే ఫినాయిల్ అసలు తేవద్దు, పిల్లికి అది విషం. ఇప్పుడు మా దగ్గర విడి గది తాళం నా దగ్గరే ఉంటుంది. అందులో బస్తా కాదు కదా, బకెట్ కూడా పెట్టనివ్వను. కొత్తది ఏదొచ్చినా రెండు వారాలు అక్కడే. ఆ గది నిండితే గేటు మూసినట్టే. తిట్టేవాళ్లు తిడతారు.

గేటు మూయడం అనేది మీకు కష్టంగా అనిపిస్తుంది. అందుకే ఒక చిన్న లెక్క. రోజుకి రెండు కుక్కలు వస్తాయనుకోండి. ఒక్కోటి సగటున ముప్పై రోజులుంటే మీ దగ్గర ఎప్పుడూ అరవై ఉంటాయి. సగటు నలభై ఐదు రోజులైతే తొంభై. వచ్చేవి పెరగలేదు, కానీ ముప్పై ఎక్కువయ్యాయి. ఎందుకంటే దత్తత శనివారం నుంచి వచ్చే శనివారానికి వాయిదా పడింది, కుట్లు విప్పడానికి డాక్టరు రాలేదు, ఇంటికి పంపాల్సిన కుక్క ఫోటో ఎవరూ తీయలేదు. కెన్నెళ్లు ఎన్ని కట్టినా ఇలాగే నిండుతాయి. నిండినచోట దగ్గు, గజ్జి, కాట్లాటలు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వస్తాయి. జబ్బు చేసిన కుక్క ఇంకా ఎక్కువ రోజులుంటుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు కెన్నెళ్లు ఎన్ని అని అడుగుతారు. నేనైతే సగటున ఎన్ని రోజులు ఉంటున్నాయి అని అడుగుతాను.

ఇక క్లినిక్ ముందు ఎందుకంటే, గేటు దగ్గరికొచ్చే జంతువుల్లో చాలావాటికి ఇల్లు ఉంది. ఆ ఇంటి దగ్గర డబ్బు లేదు, అంతే.

ఒక ఆటో అతను తన ఆరేళ్ల ఆడకుక్కను ముందు సీటు కింద పడుకోబెట్టుకుని వచ్చాడు. "సార్, దీన్ని మీ దగ్గర వదిలేసి పోతా, బతికించుకోండి" అన్నాడు. నీళ్లు తెగ తాగుతోంది, తిండి మానేసింది, వెనకనుంచి చీము. గర్భసంచిలో చీము పట్టింది. ఆపరేషన్ కాని పెద్ద ఆడకుక్కల్లో తరచూ వచ్చే జబ్బే. ప్రైవేటులో పద్దెనిమిది వేలవుతుందని చెప్పారట. అతను మమ్మల్ని అడిగింది షెల్టర్ గురించి, అతనికి కావల్సింది మాత్రం ఆపరేషన్. మందులు, కుట్ల దారం, సెలైన్ ఖర్చు నాలుగు వేలవుతుందని, నెలకి ఐదొందలు కట్టమని చెప్పాం. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. ఐదు రోజులు మా దగ్గర ఉంచాం, తర్వాత ఆటోలో అదే సీటు కింద ఇంటికెళ్లింది. ఎనిమిది నెలలు ఠంచనుగా కట్టాడు. ఆ రోజు మేం దాన్ని "చేర్చుకుని" ఉంటే ఒక కెన్నెల్ నిండేది. ఆరేళ్ల ఊరకుక్కను దత్తత తీసుకునే మనిషి కోసం ఏడాది చూసేవాళ్లం. అతనేమో కుక్కను పోగొట్టుకునేవాడు.

ఇలాంటివి వారానికి రెండు మూడు వస్తాయి. మర్మాంగం దగ్గర పుట్టే గడ్డ ఇంకొకటి. కుక్క నుంచి కుక్కకి జత కట్టేటప్పుడు అంటుకునే గడ్డ అది. రక్తం కారుతుంటే జనం ఇక నయం కాని కేన్సర్ అని భయపడి ఊరవతల వదిలేస్తారు. నిజానికి వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావాటికి పూర్తిగా తగ్గిపోతుంది. ఆ మందు నరం బయట పడితే కండ కుళ్లిపోతుంది కాబట్టి డాక్టరే ఇవ్వాలి, గ్లౌజులు తప్పనిసరి. కానీ ఖర్చు జనం అనుకునేంత ఏమీ ఉండదు. పిడుదు జ్వరం కూడా అంతే. వారం మందేసి కుక్క లేచి తిరగ్గానే ఆపేస్తారు, మళ్లీ పడిపోతుంది. నాలుగు వారాల డాక్సీసైక్లిన్ పూర్తిగా వేయించడానికి మా కుర్రాడు ఫోన్ చేసి గుర్తు చేస్తుంటాడు. ఆ ఫోన్ ఖర్చే మా క్లినిక్‌లో అన్నిటికంటే లాభసాటి ఖర్చు.

క్లినిక్‌లో ఒక మాట గట్టిగా పట్టుకోండి: ఉచితం అనొద్దు. మేం మొదటి రెండేళ్లు ఉచితం అని పెట్టాం. ఏం జరిగిందంటే, కారులో హస్కీలాంటి జాతి కుక్కను తెచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, ఇంటి దగ్గర కుక్కను కట్టేసి కూలికెళ్లే మనిషికి నిలబడే టైము లేక వెళ్లిపోయాడు. ఇప్పుడు ఓపీ యాభై రూపాయలు. మందులు కొన్న ధరకి. ఆపరేషన్‌కి మూడు రేట్లు, రేషన్ కార్డు చూపిస్తే ఒకటి, మామూలుగా ఒకటి, జాతి కుక్కకి ఒకటి. వీధికుక్కను ఎవరు తెచ్చినా ఏమీ తీసుకోం. యాభై రూపాయలు ఇచ్చినవాడు రెండో డోసుకి కూడా వస్తాడు, ఇది మాత్రం చూసి చూసి చెప్తున్న మాట. పక్కన ఉన్న ప్రైవేటు డాక్టర్లతో గొడవ పెట్టుకోకండి. ఎక్స్-రే, ఎముకల ఆపరేషన్ మీ దగ్గర జరగవు, వాళ్ల దగ్గరికే పంపాలి. మొదట్లోనే వెళ్లి కలిసి రండి.

సామాన్ల విషయానికొస్తే, స్టీలు టేబుల్ ఒకటి, మంచి లైటు, పరికరాల్ని ఆవిరితో క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్, తూకం మిషను. చాలామంది తూకం మిషను మర్చిపోతారు. మందు డోసు కిలోల లెక్కన ఇస్తారు, కళ్లతో అంచనా వేస్తే కుక్కపిల్లల దగ్గర ప్రమాదం. ఫ్రిజ్ వ్యాక్సిన్లకి విడిగా ఉండాలి. పాలు, పెరుగు అందులో పెట్టొద్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, డోరులో పెట్టకూడదు, గడ్డ కట్టకూడదు. మేలో మీ పొలం దగ్గర కరెంటు ఎంతసేపు పోతుందో మీకే తెలుసు. పొద్దున, సాయంత్రం థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి. వేడికి పాడై నీళ్లతో సమానమైన వ్యాక్సిన్ పొడిచి, టీకా అయిపోయిందని కార్డు మీద ముద్ర వేసి పంపడం కంటే వేయకపోవడమే నయం. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టం గట్టిగా కట్టడి చేసిన మందు, తాళంలో ఉంచి ప్రతి మిల్లీలీటరుకీ లెక్క రాయాలి. వాడిన సూదులు, కోసి తీసినవి మామూలు చెత్తలో వేయకూడదు, 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పశువుల క్లినిక్‌కి కూడా వర్తిస్తాయి. డాక్టరు రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరైన మనిషి అయ్యుండాలి. "అన్నీ తెలిసిన కాంపౌండరు"తో నడిపించొద్దు. కాంపౌండరుగా చేరినవాణ్ణే ఈ మాట అంటున్నాను.

పనివాళ్లందరికీ, మీతో సహా, పని మొదలుపెట్టకముందే రేబిస్ టీకా వేయించండి. 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. అయినా కాటు పడితే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి. టీకా అయిపోయిందిలే అని ఊరుకోకూడదు, మళ్లీ రెండు డోసులు పడాల్సిందే. పసుపు, కారం, సున్నం పెట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి, మీ పనివాళ్లు ఆ ఊళ్ల నుంచే వస్తారు.

డబ్బు సంగతి. అరవై కుక్కలకి మా లెక్కన రోజుకి తొమ్మిది కిలోల నూకలు, ఆరు కిలోల కోడి మెడలు, కాళ్లు. ఉడికించి, ఎముకలు తీసి, కాస్త పసుపు వేసి పెడతాం. ఇప్పటి ధరల్లో తిండికి నెలకి ఇరవై వేల చుట్టూ అవుతుంది. అందరూ భయపడేది ఈ ఖర్చుకే. అసలు ఖర్చు మనుషులు. కడగడానికి, వండటానికి, రాత్రి ఉండటానికి కనీసం ముగ్గురు, నలభై వేలు. డాక్టరు పూటకొచ్చినా ముప్పై, నలభై వేలు. మందులు, వ్యాక్సిన్లు, బ్లీచింగ్, కరెంటు, ఆటో బాడుగలు కలిపి ఇంకో నలభై. లక్షా నలభై వేలు ఎక్కడికీ పోవు. మీ పన్నెండు లక్షల్లో కెన్నెళ్లు కట్టగా మిగిలింది ఎన్ని నెలలొస్తుందో మీరే చూసుకోండి. దాతలున్నారుగా అంటారేమో. ఉన్నారు, మంచివాళ్లే. పుట్టినరోజుకి కుక్కలకి అన్నం పెట్టిస్తామని వస్తారు, చికెన్ బిర్యానీ తెస్తారు, ఫోటో దిగుతారు. బ్లీచింగ్ బస్తా కొనిస్తామని, వంటమనిషి జీతం ఇస్తామని ఎవరూ రారు. సొసైటీ రిజిస్ట్రేషన్, ఆదాయపన్ను మినహాయింపులకి 12ఏ, 80జీ ముందే చేయించుకుంటే కాస్త పెద్ద చేతులు వస్తాయి. ఆపరేషన్ల ప్రాజెక్టు నడపాలంటే భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు పత్రం కావాలి, 2023 నియమాల ప్రకారం అది లేకుండా మొదలుపెట్టకూడదు.

ఆపరేషన్లు ఎప్పుడు పెట్టుకోవాలో మన పెద్దవాళ్లు తిట్టులోనే చెప్పారు. చిత్తకార్తె కుక్కలు అంటారు కదా. కుక్కలు జత కట్టే ఆ చిత్తకార్తె అక్టోబరు మధ్యలో వస్తుంది. కుక్క గర్భం 63 రోజులు. అంటే డిసెంబరు మధ్య నుంచి పిల్లలు పుడతాయి, మీ గేటు ముందు అట్టపెట్టెలు వరసగా వస్తాయి.  కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా క్లినిక్‌లో మిగతా పనులు తగ్గించి ఆడకుక్కల ఆపరేషన్లు దంచేయండి. ఒక పేటలో పదికి ఏడింటికి చేసి, టీకా వేసి, ఆపరేషన్ అయిందన్న గుర్తుకి చెవి కొస కత్తిరించి అక్కడే వదిలితే తేడా కనిపిస్తుంది. రేబిస్‌కి కూడా 70 శాతం కుక్కలకి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఊరంతా తలా రెండు చేయడం కంటే ఒక్క పేటను పూర్తి చేయడం మంచిది. ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు రోజులు ఉంచాలి. మా దగ్గర మొదట్లో హడావిడిగా రెండో రోజే వదిలిన ఒకదానికి కుట్లు తెగాయి. ఆ తర్వాత ఎవరడిగినా నాలుగు రోజులు నిండకుండా వదల్లేదు.

2025 నుంచి ఇంకో తలనొప్పి. ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా, నులిపురుగుల మందు అయ్యాక కుక్కల్ని పట్టినచోటే వదలాలని, రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, మీద పడి కరిచేవి మాత్రం వదలొద్దని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. మరి అవి ఎక్కడికెళ్లాలి? మీరు ఎకరం పొలంలో కంచె వేయగానే మీ మున్సిపాలిటీవాళ్లు కుక్కల బండితో రావచ్చు. నెలకి ఎన్ని, ఒక్కోదానికి ఎంత ఇస్తారు, ఎన్నాళ్లు అనేది కాగితం మీద లేకుండా ఒక్కదాన్ని కూడా దింపుకోవద్దు. "ముందు ఉంచండి, బిల్లు పెడదాం" అన్న మాట మీద ఒకసారి ఉంచాం. ఆ బిల్లు ఫైలు ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

ఇక చంపకపోవడం గురించి మీరు రాసిన "ఒక్క కుక్కను కూడా" అనే మాట. హైవే మీద లారీ గుద్దిన కుక్కను ఒక కుర్రాడు తువ్వాలులో చుట్టి తెచ్చాడు. నడుము విరిగింది, వెనక కాళ్లలో గిల్లినా కదలిక లేదు, మూత్రం దానంతట అదే పోతోంది, ముందు కాళ్లతో నేలను గీరుతోంది. మేం మూడు రోజులు చూశాం. మూడో రోజు రాత్రి అది అరిచిన అరుపులు విన్నాక, ఇది ఎవరి కోసం చేస్తున్నామని మా డాక్టరమ్మ అడిగింది. కోలుకోలేనంతగా గాయపడ్డవాటిని, నయం కాని జబ్బున్నవాటిని నొప్పి లేకుండా పంపడానికి చట్టంలో దారి ఉంది. వీధికుక్క అయితే స్థానిక జంతు జనన నియంత్రణ పర్యవేక్షణ కమిటీ నియమించిన బృందం చూసి తేల్చాలి, డాక్టరే నరంలోకి మందు ఇవ్వాలి. రికార్డు రాయాలి. ముందు మత్తు ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాం. వెనక కాళ్లు పడిపోయినా మనసు బాగుండి, తింటూ, తోక ఆడించలేకపోయినా చెవులాడిస్తూ బండి కట్టించుకుని తిరిగేవి మా దగ్గర రెండున్నాయి. వాటికీ దీనికీ తేడా కాగితం మీద రాయలేం. మీరు మాత్రం బోర్డు మీద "ఒక్కటి కూడా" అని రాయించకండి, ఆ మాట కోసం ఏదో ఒక కుక్క మూడు రాత్రుళ్లు అరవాల్సొస్తుంది.

దత్తత గురించి ఎక్కువ చెప్పను. రెండు నెలలు నిండనిది ఇవ్వొద్దు. మేడ మీద గొలుసుకి కట్టేసేవాళ్లకి ఇవ్వొద్దు. వెనక్కి తెస్తే తిట్టొద్దు, తిడితే ఇంకోసారి రోడ్డు మీద వదిలేస్తారు. ఆడ కుక్కపిల్లను ఇచ్చేటప్పుడు ఆరేడు నెలలకి మా దగ్గరే ఆపరేషన్ అని రాయించుకోండి, ఫోన్ చేయాల్సింది మీరే.

మీ అమ్మగారి సంగతి. నాకు తెలిసి పొలం దగ్గర ఆడవాళ్లు వద్దనేది మూడింటికి: అరుపులు, వాసన, బోరు నీళ్లు. మూడూ నిజమే. అరవై కుక్కలు తెల్లవారుజామున నాలుగింటికి ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకుంటాయి. పక్క పొలం వాళ్లతో మీకున్న పాతికేళ్ల స్నేహం ఆరు నెలల్లో కోర్టు నోటీసు అవుతుంది. కడగడానికి కుక్కకి రోజుకి పది లీటర్ల పైనే నీళ్లు పోతాయి, ఆ మురికినీళ్లు పొలం వాలు ఎటుంటే అటే పోతాయి. క్లినిక్ అయితే పొలంలో అక్కర్లేదు. తెనాలిలో మెయిన్ రోడ్డు పక్కన రెండు గదులు, ముందు కాస్త ఖాళీ జాగా ఉంటే చాలు, ఆటో ఆగాలి కదా. ఆ మాట అమ్మతో చెప్పి చూడండి. పొలం ఎక్కడికీ పోదు, ఈ ఏడాది అందులో మినుము వేసుకోనివ్వండి.

ఇది కాక ఇంకా కెన్నెళ్ల మీదే మనసుంటే, కట్టేముందు మీకు దగ్గర్లో ఏ షెల్టర్ ఉంటే అక్కడికి డిసెంబరులో వెళ్లి పది రోజులు పని చేయండి. ఫోటోలకి కాదు, పొద్దున ఆరింటి డ్యూటీకి. అయ్యాక ఇక్కడే రాయండి, కెన్నెల్ కొలతలు, డ్రైనేజీ వాలు ఎంతుండాలో అప్పుడు చెప్తాను.